మూడు గంటల ఎండ, ముసలి గోడలు

మధ్యాహ్నం మూడు గంటలకి మీరేం చేస్తుంటారు? అంట్లు అయిపోయి ఉంటాయి. దండెం మీద బట్టలు ఇంకా పూర్తిగా ఆరి ఉండవు. నాలుగున్నరకి మళ్ళీ టీ నీళ్ళు పడెయ్యాలి కాబట్టి పడుకుందామన్నా కునుకు పట్టదు. టీవీలో సీరియల్ ఎటూ నిన్న ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. ఇరవై ఏళ్ళ పైన నా మూడు గంటలు కూడా అలాగే గడిచాయి. ఇప్పుడు మాత్రం మంగళవారం వస్తే చాలు, ఆ వేళకి నేను ఏదో ఒక పాత గోడ ముందు సెల్‌ఫోను పట్టుకుని, ఎండ ఇంకాస్త వాలుతుందా అని చూస్తూ నిలబడి ఉంటాను.

"ఇదేం పిచ్చి వదినా? ఫొటో తీసుకోవాలంటే చార్మినార్ ఉంది, ట్యాంక్‌బండ్ ఉంది, పార్కులున్నాయి. పెచ్చులూడిన గోడలు తీస్తావేంటి?" అంది మా ఆడపడుచు. మావారైతే ఒక్క మాటతో తేల్చేశారు. "ఇంట్లో బూజు దులపడానికి తీరదు గానీ ఊరి బూజు ఫొటోలు తీస్తుంది" అని. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు మరి!

ఈ పిచ్చి ఎలా పట్టిందో చెబుతాను.

మాది సికింద్రాబాదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ బన్సీలాల్‌పేట మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అక్కడొక చెత్తగుట్ట ఉండేది. దాని దగ్గరికి రాగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోవడమే నాకు తెలిసింది. "అక్కడ మెట్లబావి ఉండేది, నాగన్నకుంట అనేవాళ్ళు" అని మా అత్తమ్మ అప్పుడప్పుడూ చెప్పేది. ఆవిడ చిన్నతనం ఆ చుట్టుపక్కలే గడిచింది. మేమెవరం పెద్దగా పట్టించుకోలేదు. పెద్దవాళ్ళు చెప్పే కబుర్లలో అదొకటి అనుకున్నాం.

2021లో ఆ చెత్త తవ్వడం మొదలుపెట్టారు. ఎన్ని వేల టన్నులు తీశారో! తీసిన కొద్దీ కింద నుంచి మెట్లు, రాతి కమానులు బయటపడ్డాయి. మూడొందల ఏళ్ళ నాటి బావి అట. 1930లలో సేఠ్ బన్సీలాల్ ఇచ్చిన డబ్బుతో ఆ చోటు బాగు చేశారనీ, అందుకే పేటకి ఆయన పేరొచ్చిందనీ అప్పుడే నాకూ తెలిసింది. 2022 డిసెంబరు 5న బావిని జనానికి తెరిచారు. దీపాలు పెట్టి, నీళ్ళు నిలిపి, ముచ్చటగా చేశారు. అత్తమ్మని ఆటోలో తీసుకెళ్ళాను. ఆవిడ గట్టు మీద కూచుని చాలాసేపు చూసింది. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ మాత్రం, "ఇది బాగానే ఉంది గానీ అమ్మా, చెత్త ఉన్నప్పటి ఫొటో ఒకటి ఉంటే బాగుండేది. ఎట్లున్నదాన్ని ఎట్ల చేసిన్రో మనవళ్ళకి ఎట్ల తెలుస్తది?" అంది.

ఇరవై ఏళ్ళు ఆ దారినే నడిచాను. చేతిలో ఫోను ఉంది. దాంట్లో కేకుల ఫొటోలు, పెళ్ళిళ్ళ ఫొటోలు, గుత్తి వంకాయ కూర ఫొటోలు కూడా ఉన్నాయి. ఆ చెత్తగుట్ట ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. ఆ రాత్రి అదే మనసులో మెదులుతూ ఉండిపోయింది. ఇంకా ఎన్నిటిని ఇలా ముక్కు మూసుకుని దాటేస్తున్నానో కదా అనిపించింది.

అప్పటి నుంచీ మొదలు.

ఇంకో సంగతి కూడా కలిసొచ్చింది. 2023 డిసెంబరు నుంచి మన ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి జీరో టిక్కెట్టు ఇస్తున్నారు కదా! అంతకు ముందు అఫ్జల్‌గంజ్ దాకా వెళ్ళి రావాలంటే ఆ బస్సు డబ్బులకి పెరుగు ప్యాకెట్లు వస్తాయని లెక్కలేసుకునేదాన్ని. ఇప్పుడు ఆధార్ కార్డు చూపించి కిటికీ పక్కన కూచుంటే చాలు. మీరు నమ్ముతారో లేదో, ఈ ఊళ్ళో ఉండి పాతికేళ్ళు దాటాక గానీ నేను ఒంటరిగా మూసీ దాటలేదు.

వాళ్ళూ మనలాంటి వాళ్ళే

ఇలా పాడుబడ్డ చోట్లని ఫొటోలు తియ్యడం నేను కనిపెట్టిన పని కాదండీ. మా అమ్మాయి చెబితే తెలిసింది, ఫ్రాన్సులో అజే అని ఒకాయన ఉండేవాడట. 1857లో పుట్టాడు. నటుడవుదామని ప్రయత్నించి కుదరక, నలభై ఏళ్ళు వచ్చాక పెద్ద కర్రపెట్టె కెమెరా, గాజుపలకలు మోసుకుంటూ పారిస్ సందుల్లో తిరగడం మొదలుపెట్టాడు. పాత ఇళ్ళ తలుపులు, మెట్లు, నడవలు, చిన్న చిన్న కొట్లు, ఇవే తీసేవాడు. తెల్లవారుజామున జనం లేవకముందే వెళ్ళేవాడు. అప్పటికి పారిస్‌లో పాత ఇళ్ళు కూలగొట్టి కొత్త వీధులు వేస్తున్నారు. ఆ ఫొటోలని చిత్రకారులకీ గ్రంథాలయాలకీ అమ్ముకుని బతికాడు. 1927లో పోయాడు. అప్పుడు అతని గాజుపలకల్లో ఎన్నిటినో కాపాడింది ఎవరనుకున్నారు? బెరెనిస్ ఆబట్ అనే అమెరికా అమ్మాయి. ఆమె వాటిని కొని తన దేశానికి తీసుకెళ్ళింది. అంతటితో ఊరుకోక, తన న్యూయార్క్ కూడా మారిపోతోందని తనే కెమెరా పట్టి వీధివీధీ తిరిగింది. ఆ ఫొటోలు 1939లో పుస్తకంగా వచ్చాయి.

ఇంకో ఆవిడ కథ వింటే మీకు ఒళ్ళు జలదరిస్తుంది. వివియన్ మేయర్ అని షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయా. పరాయి ఇళ్ళలో పిల్లలకి అన్నం పెడుతూ, వాళ్ళని షికారు తీసుకెళ్తూ, మెడలో కెమెరా వేసుకుని లక్షకి పైగా ఫొటోలు తీసింది. వాటిలో చాలా వాటిని కనీసం కడిగించలేదు కూడా. 2007లో అద్దె కట్టలేదని ఆవిడ సామాను వేలం వేస్తే అందులోంచి ఇవన్నీ బయటపడ్డాయి. ప్రపంచానికి ఆవిడ పేరు తెలిసేసరికి ఆవిడే లేదు, 2009లో పోయింది.

మన ఊరి సంగతి చెప్పకపోతే ఎలా? లాలా దీన్‌దయాళ్ పేరు వినే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు. 1892లో ఆయన హైదరాబాదులో ప్రత్యేకంగా ఆడవాళ్ళ కోసమే స్టూడియో పెట్టాడు. పరదాలో ఉండే స్త్రీలు మగవాళ్ళ కంట పడకుండా ఫొటో తీయించుకోవడానికి. దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషు దొరసాని. నూట ముప్పై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళో ఒక ఆడది కెమెరా వెనక నిలబడిందంటే, ఇవాళ నేను సందు చివర ఫోను పట్టుకుని నిలబడితే వింత ఏముంది చెప్పండి? ఈ మాటే మావారితో అన్నాను. "సరే, కూరలో ఉప్పు మాత్రం చూసి వెయ్యి" అన్నారు.

నా తీరు నాకెలా వచ్చింది

ఫొటోలు తియ్యడానికి ఎవరి తీరు వాళ్ళకి ఉండాలంటారు. నాకు ఏ క్లాసులూ చెప్పలేదు. ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, పెద్ద పెద్ద మాటలు రావు. నాకొక తీరంటూ ఏర్పడిందంటే అది నా కుదరకపోవడాల్లోంచే ఏర్పడింది.

మొదటిది టైము. నాకు కుదిరేది రెండున్నర నుంచి నాలుగు వరకే. వేసవిలో ఆ టైముకి ఎండ ఇంకా నెత్తిమీదే ఉంటుంది, ఫొటో తెల్లగా పాలిపోతుంది. చలికాలంలో మాత్రం మూడు దాటగానే ఎండ పక్కకి ఒరుగుతుంది. అప్పుడు చూడండి, పెచ్చు ఊడిన చోటల్లా ఒక గీత, ఇటుకకీ ఇటుకకీ మధ్య ఒక నీడ! ఉదయం చూస్తే మామూలు గోడే. మూడున్నరకి అదే గోడ ముసలావిడ చెయ్యిలా ముడతలు ముడతలుగా కనబడుతుంది. అందుకే కార్తీకం నుంచి మాఘం దాకా ఎక్కువ తిరుగుతాను. మిగతా నెలల్లో తీసినవి చూసుకుంటూ కూచుంటాను.

రెండోది గడప. పరాయి ఇంట్లోకి ఊరికే దూరిపోవడం మనకి చేతకాదు. గడప బయటే నిలబడి లోపలికి చూస్తాం. ఫొటోలూ అలాగే వచ్చాయి. ముందు చీకటి, మధ్యలో ద్వారబంధం, అవతల వెలుతురు పడ్డ వాకిలి. ఒకటి, రెండు, పది అలాగే వచ్చాక మా అమ్మాయి చూసి, "అమ్మా, ఇవన్నీ ఒక్కళ్ళే తీసినట్టు తెలిసిపోతోంది" అంది. ఆ మాట నాకు ఏ బహుమతి కన్నా తక్కువ కాదు.

మూడోది, నా కన్ను ఎక్కడికెళ్ళినా వంటిల్లే వెతుకుతుంది. పెద్ద హవేలీ చూస్తే మగవాళ్ళు కమానులు చూస్తారు, స్తంభాలు చూస్తారు. నాకు పొయ్యి ఎక్కడుందో చూడాలని ఉంటుంది. కప్పు కూలినా మసి పోదండీ. గోడ మీద ఆ నల్లటి మరక ఎంత ఎత్తున ఉందో చూస్తే పొయ్యి ఎంత ఎత్తులో ఉండేదో, ఆవిడ నిలబడి వండేదో కూచుని వండేదో తెలిసిపోతుంది. దీపం పెట్టే గూడు, దాని పైన జిడ్డు. ఉట్టి కట్టిన ఇనప కొక్కెం. క్యాలెండరు తగిలించిన మేకు, దాని కింద క్యాలెండరు ఉన్నంత మేర వెలిసిపోని రంగు. మనిషి మొహం ఒక్కటి కూడా నా ఫొటోల్లో ఉండదు. అయినా మనుషులు లేరనిపించదు.

రోలు బండ ఒకటి చూశాను, సగం మట్టిలో కూరుకుపోయి. మధ్యలో ఎంత నునుపో! ఎన్ని పచ్చళ్ళు నూరితే అంత నునుపొస్తుందో మీకు వేరే చెప్పాలా?

గోడలో బెల్లం

పాత గోడల గురించి తెలిసిన కొద్దీ నాకు వంటే గుర్తొస్తుంది. మన ఊళ్ళో పాత కట్టడాలన్నీ డంగు సున్నంతో కట్టినవే. గానుగలో సున్నం, ఇసుక వేసి ఎద్దులతో తిప్పించి మెత్తగా నూరేవారు. అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం, కోడిగుడ్డు తెల్లసొన కలిపేవారు. నెలల తరబడి నానబెట్టేవారు. మనం ఆవకాయకి పాళ్ళు చూసుకున్నట్టు మేస్త్రీలు ఎవరి పాళ్ళు వాళ్ళు దాచుకునేవారట! పైన నునుపుగా రుద్దిన పూత వందేళ్ళయినా పాలరాయిలా మెరుస్తుంది. పురానీ హవేలీ వైపు సందుల్లో ఇంకా అక్కడక్కడా అలాంటి పూత ఉంది. చేత్తో తడిమి చూడండి, చల్లగా ఉంటుంది.

మరి ఇంత గట్టి గోడ ఎందుకు ఊడుతుంది? మొదట్లో నేను వానల వల్లే అనుకున్నాను. ఒక ముసలి మేస్త్రీ చెప్పాడు. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుందట. లోపలి తేమ బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే మూత పెట్టిన గిన్నెలా తేమ లోపలే ఉండిపోయి, ఉప్పు పొంగి, పక్కనున్న సున్నం కూడా రాలిపోతుంది. అది విన్నాక నా ఫొటోలు మళ్ళీ తిరగేశాను. నిజమే! ఎక్కడ బూడిదరంగు సిమెంటు అతుకు ఉందో దాని చుట్టూనే ఎక్కువ రాలి ఉంది. బాగు చేద్దామని వేసిన అతుకే గోడని తినేస్తోందన్నమాట. దాని మీద రావిమొక్క ఒకటి. పిట్ట రెట్టలోంచి మొలిచి వేళ్ళతో గోడని చీల్చేస్తుంది. చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో అంత చేటు చేస్తుంది.

పెంకుటిల్లు కనిపిస్తే పడి ఉన్న పెంకు ఒకటి తిరగేసి చూడండి. మంగళూరు పెంకయితే కార్ఖానా పేరు అచ్చు గుద్ది ఉంటుంది. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మంగళూరులో పెంకుల కార్ఖానా పెట్టారు. ఎక్కడి మంగళూరు, ఎక్కడి సికింద్రాబాదు! ఆ అక్షరాల మీద ఎండ ఏటవాలుగా పడేలా పట్టుకుని తీస్తే ఫొటోలో చక్కగా చదవొచ్చు.

ఫోనుతోనే అయిపోతుంది

ఖరీదైన కెమెరా కావాలేమో అని వెనకాడకండి. నా ఫోను మా అబ్బాయి వాడి వదిలేసింది, ఒక మూల అద్దం పగిలింది కూడా. ముందు పాత నూలు చీర ముక్కతో కెమెరా అద్దం తుడవండి. మన చేతుల జిడ్డు, పోపు ఆవిరి దాని మీద పేరుకుని ఉంటాయి. సగం ఫొటోలు మసకగా రావడానికి కారణం అదే. రెండు వేళ్ళతో దగ్గరికి లాగకండి, మీరే నాలుగడుగులు ముందుకి వెయ్యండి. ఫ్లాష్ వద్దు, దాంతో నీడలన్నీ చచ్చిపోతాయి. చీకటి గుమ్మంలోంచి తీసేటప్పుడు తెర మీద వెలుతురున్న చోట వేలితో తాకండి. ముందున్న చీకటి చీకటిగానే ఉండి, అవతల వాకిలి స్పష్టంగా వస్తుంది. ముఖ్యంగా గోడలు వంకరగా రాకుండా ఫోను నిట్టనిలువుగా పట్టుకోవాలి. సెట్టింగుల్లో గళ్ళ గీతలు వచ్చే ఏర్పాటు ఉంటుంది, ముగ్గుకి చుక్కలు పెట్టుకున్నట్టు, అది పెట్టుకుంటే మేలు.

ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళండి. నేనొక నీలం తలుపుని రెండేళ్ళలో పదకొండు సార్లు తీశాను. ఒకసారి తాళం, ఒకసారి తాళం లేదు, ఒకసారి గడప మీద ముగ్గు, ఒకసారి తలుపే లేదు. ఆ పదకొండూ వరసగా పెడితే ఒక కథలా ఉంటుంది.

ఫోనులోనే ఉంచెయ్యకండి సుమా! ఫోను పోతే అన్నీ పోయినట్టే. నెలకి నాలుగో అయిదో మంచివి ఏరి, స్టూడియోలో పోస్టుకార్డు సైజులో కడిగించి, వెనకాల పెన్సిలుతో ఊరు, వీధి, తేదీ రాసి పెట్టండి. పెళ్ళి ఆల్బమ్‌లో ఖాళీ పేజీలుంటే అవే చాలు. ఇప్పుడు చూడండి, సికింద్రాబాదు స్టేషను పాత ముఖద్వారం 2025 ఫిబ్రవరిలో కొత్త స్టేషను కోసం తీసేశారు. ఎన్ని వేలసార్లు దాని కింద నిలబడి ఆటో కోసం బేరమాడాం! అది పోకముందు నేను తీసిన ఫొటో మా ఆల్బమ్‌లో ఉంది. మా ఆడపడుచు, అదే, పిచ్చి అన్న ఆవిడే, దాన్ని అడిగి మరీ కాపీ తీసుకుంది.

జాగ్రత్తలు రెండు ముక్కల్లో చెబుతాను. ఒంటరిగా పాడుబడ్డ ఇళ్ళలోకి పోవద్దు. కప్పు మీదికి ఎక్కొద్దు, బావిలోకి దిగొద్దు. పాములు, తేనెపట్లు ఉంటాయి. హవాయి చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. మిలిటరీ వాళ్ళ జాగాలో ఫోను బయటికి తియ్యకండి, సికింద్రాబాదులో ఇది మరీ ముఖ్యం. పురావస్తు శాఖ వాళ్ళ కట్టడాల్లో స్టాండు పెట్టి తియ్యాలంటే ముందుగా అనుమతి కావాలి.

కోఠీ కాలేజీ వెనక వైపు

ఇది కాస్త నా సొంత గోడు, విసుక్కోకండి.

ఇంటర్ పాసయ్యాక కోఠీ ఉమెన్స్ కాలేజీలో బి.ఏ. చదవాలని నాకు ఎంత ఆశో! దరఖాస్తు కూడా తెప్పించుకున్నాను. ఆ ఎండాకాలమే పెళ్ళి కుదిరింది. దరఖాస్తు కాగితం చీర మడతలో చాలా ఏళ్ళు ఉండేది, తర్వాత ఏమయిందో తెలీదు. మా అమ్మాయి అక్కడే డిగ్రీలో చేరింది. చేర్పించడానికి వెళ్ళినప్పుడు మొదటిసారి ఆ మెట్లు ఎక్కాను.

అది ఒకప్పుడు ఇంగ్లీషు వాళ్ళ రెసిడెన్సీ. రెండువందల ఏళ్ళ పైమాట. కిర్క్‌పాట్రిక్ అనే దొర కట్టించాడు. అతను ఖైరున్నీసా అనే హైదరాబాదీ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ పరదాలో వెనక జనానాలో ఉండేది. ముందు వైపు భవనం ఎలా ఉందో ఆవిడకి చూపించడానికి దాని చిన్న నమూనా వెనక తోటలో కట్టించాడని చెబుతారు. 1949లో ఆడపిల్లల కాలేజీ అక్కడికి వచ్చింది. చాలా ఏళ్ళు పెచ్చులూడి, కప్పు కారుతూ ఉన్న దర్బారు హాలుని బాగుచేసి 2023 జనవరిలో మళ్ళీ తెరిచారు.

అందరూ ముందున్న సింహాలనీ స్తంభాలనీ తీసుకుంటున్నారు. నేను అడిగి అనుమతి తీసుకుని వెనక వైపు వెళ్ళాను. జనానా ఇప్పుడు లేదు. ఆ బుల్లి భవనం ముందు వంగుని, ఫోను నేల మీద ఆనించి, అది పెద్ద భవనంలా కనబడేలా ఒకటి తీశాను. ఆవిడకి ఎలా కనబడి ఉంటుందో అలాగన్నమాట. అది మా ఇంట్లో ఫ్రిజ్ పైన గోడకి ఉంది. వచ్చిన వాళ్ళంతా అసలు భవనమే అనుకుంటారు. నేను చెప్పను.

ఖాలా ఇంట్లో జరిగింది

ఇక అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నేను చేసిన తప్పు మీరు చెయ్యకూడదని రాస్తున్నాను.

పురానీ హవేలీ దగ్గర ఒక సందులో పాత దేవిడీ ముక్క ఒకటి మిగిలి ఉంది. దేవిడీ అంటే నవాబుల కాలం నాటి పెద్ద లోగిలి. ఒకప్పుడు ఊళ్ళో ఎన్నో ఉండేవి, ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. ఈ ఇంట్లో ఒక పెద్దావిడ, కొడుకూ కోడలూ, పెళ్ళికి ఎదిగిన మనవరాలు ఉంటారు. నేను సందులో నిలబడి గుమ్మం తీస్తుంటే ఆవిడ బయటికొచ్చింది. చేతిలో ఫోను చూసి, "మున్సిపాలిటీ నుంచి వచ్చావా బేటీ? మళ్ళీ కొలతలా?" అంది. గొంతు వణుకుతోంది. ఆ సందులో రోడ్డు వెడల్పు కోసం గోడల మీద ఎర్ర రంగుతో గీతలు గీసి ఉన్నాయి. ఆవిడ ఇంటి గోడ మీద కూడా ఉంది. నేను కాదని, ఊరికే పాత ఇళ్ళంటే ఇష్టమని నాకొచ్చిన ఉర్దూలో చెప్పేసరికి ఆవిడ ఊపిరి పీల్చుకుని లోపలికి పిలిచింది. టీ ఇచ్చింది. ఖాలా అనమంది. గడప దాటి నేను తీసిన మొదటి ఫొటోలు అవే.

లోపలి వాకిట్లో కమాను, దానికి సున్నపు పూతలో పువ్వులు. సగం రాలిపోయాయి. కమానుకి అడ్డంగా కట్టిన తాడు మీద బట్టలు. ఎండ వాటిలోంచి పడి నేల మీద రంగులు. ఎంత బాగా వచ్చిందో! నేను తీసిన అన్నిటిలోకీ అదే బాగుందనిపించింది. ఆ సంబరంలో మా ఇంటి వాళ్ళ గ్రూపులో పెట్టేశాను. మా అక్క కొడుకు దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి కింద వీధి పేరు కూడా రాశాడు. చాలామంది మెచ్చుకున్నారని నాకు చూపిస్తే, పొంగిపోయాను తప్ప ఖాలాని అడగలేదే అన్న ఆలోచనే రాలేదు.

మూడు వారాల తర్వాత కడిగించిన కాపీ ఇద్దామని వెళ్ళాను. కోడలు తలుపు తీసి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఖాలా వచ్చింది కానీ కూచోమనలేదు. మనవరాలికి సంబంధం చూస్తున్నారట. మగపిల్లాడి తరఫు వాళ్ళెవరో ఆ ఫొటో చూసి వీధి పేరు, కమాను గుర్తుపట్టి, "వాళ్ళ ఇల్లు ఇలా ఉందా?" అన్నారట. సంబంధం తప్పిపోలేదు, కానీ మాట పడాల్సి వచ్చింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "గోడ పాడైపోయిందని నాకేం సిగ్గు లేదు బేటీ, నవాబులకే నిలబడలేదు ఈ గోడలు. కానీ తాడు మీద బట్టలు తీశావు చూడు! అందులో నా చిరిగిన లంగా ఉంది" అంది ఖాలా.

ఆడదాన్నై ఉండి నాకా సంగతి తట్టలేదు. మనింటికి ఎవరన్నా వస్తున్నారంటే ముందు దండెం మీద బట్టలు లాగేస్తాం కదా! నేను ఎండనీ రంగుల్నీ చూశాను గానీ ఆ లంగాని చూడలేదు. ఇంటికొచ్చి అబ్బాయికి ఫోను చేసి తీయించేశాను. గ్రూపులోంచీ తీయించాను. కానీ ఎవరెవరి ఫోన్లలోకి వెళ్ళిపోయిందో ఎవరు చెప్పగలరు? పారబోసిన పాలు.

రెండు మంగళవారాలు ఎక్కడికీ వెళ్ళలేదు. మావారు కూడా ఏమీ అనలేదు. మూడో మంగళవారం ఆయనే, "ఇవాళ వెళ్ళవా?" అన్నారు. సకినాలు డబ్బాలో పెట్టుకుని ఖాలా దగ్గరికే వెళ్ళాను. క్షమించమన్నాను. ఫోను తీసి ఆ ఇంట్లో తీసినవన్నీ ఒక్కొక్కటీ ఆవిడకి చూపించి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఆవిడనే చెప్పమన్నాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని చాలా శ్రద్ధగా చూసింది. పదిహేడింటిలో పదకొండు తీసేయించింది. పొయ్యి గోడ మసి ఉన్నది మాత్రం ఉంచమంది. "అది మా అత్త చేసిన మసి" అంది.

అప్పటి నుంచీ మనుషులు ఉంటున్న ఇల్లయితే తియ్యకముందు అడుగుతాను, తీశాక చూపిస్తాను, వాళ్ళు వద్దన్నది అక్కడే వాళ్ళ ముందే తీసేస్తాను. వీధి పేరు ఎవరికీ చెప్పను. ఇక్కడ కూడా చెప్పలేదు చూడండి. కొన్ని మంచి ఫొటోలు ఇలా పోయాయి. పోతే పోయాయి.

ఖాలా మనవరాలి నిఖా రంజాన్ తర్వాత పెట్టుకున్నారు. గోడ మీద ఎర్ర గీత అలాగే ఉంది, ఎప్పుడు వస్తారో ఏమిటో వాళ్ళకీ తెలీదు. పోయినసారి వెళ్ళినప్పుడు ఖాలా తనే అడిగింది, పెద్ద తలుపు ముందు తనని నిలబెట్టి ఒకటి తియ్యమని. "మొహాలు తియ్యను ఖాలా, నా తీరు వేరు" అని నవ్వాను. "నీ తీరు నీ దగ్గరే పెట్టుకో, నాకు నా తలుపుతో ఫొటో కావాలి" అంది. వచ్చే మంగళవారానికి ఇస్త్రీ చేసిన తెల్ల దుపట్టా సిద్ధం చేసుకుంటానంది. తాడు విప్పేయిస్తానంది. ఆ తలుపు మీదికి ఎండ మూడుంబావుకి వస్తుంది, పావుగంటే ఉంటుంది. అందుకని ఈసారి వంట పదకొండింటికే ముగించుకుని ముందు బస్సుకే బయల్దేరాలనుకుంటున్నాను.